గోడ దాకానే గీసిన టవర్: విశాఖ నడిబొడ్డున రానున్న ఒక బహుళ అంతస్తుల ప్రాజెక్టుపై సమీక్ష

ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి డాబాగార్డెన్స్ వైపు వెళ్లే దారిలో, ఒకప్పుడు పాత గిడ్డంగులూ ఒక పెంకుటిల్లూ ఉన్న స్థలం చుట్టూ కొన్ని నెలల కిందట నీలం రేకులు కట్టారు. ఆ రేకుల మీద మబ్బుల్లో తల దూర్చిన టవర్ బొమ్మ ఒకటి వెలసింది. వచ్చే ఏడాది పదవీ విరమణ చేసి విశాఖలో స్థిరపడాలనుకుంటున్న మా బావగారి కోసం నేను ఆ సంస్థ అమ్మకాల కార్యాలయానికి మూడుసార్లు, స్థలం దగ్గరికి అయిదుసార్లు వెళ్లాను. ఆ అయిదింటిలో ఒకటి ఉదయం తొమ్మిది గంటల రద్దీలో, ఒకటి మిట్టమధ్యాహ్నం, ఒకటి జోరువానలో. ప్రాజెక్టుకు ఇంకా రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు సంఖ్య రాలేదు, ప్లాను మారడానికి అవకాశం ఉంది, అందువల్ల సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. నేను చాలా ఏళ్లు సర్వే పని చేసినవాణ్ణి, సంచిలో టేపు లేకుండా గడప దాటే అలవాటు లేదు. ఈ సమీక్షలో కొలతలు ఎక్కువగా కనిపిస్తే అది ఆ అలవాటు వల్ల వచ్చిన దోషమే.

ప్రతిపాదన క్లుప్తంగా ఇది: ఎకరంన్నర స్థలంలో కింద మూడు సెల్లార్లు, వాటి మీద నాలుగు అంతస్తుల పోడియం (టవర్‌కు పీటలాంటి వెడల్పాటి కింది భాగం), ఆపైన ఇరవైనాలుగు అంతస్తుల్లో 180 ఇళ్లు. మొత్తం ఎత్తు దాదాపు 90 మీటర్లు. కార్లు నిలపడానికి 280 చోట్లు. స్థలానికి ముందువైపు ప్రధాన రహదారి, వెనకవైపు 40 అడుగుల వీధి ఉన్నాయి. మన రాష్ట్ర భవన నిబంధనల ప్రకారం ఒక కట్టడం ఎంత ఎత్తుకు వెళ్లవచ్చన్నది దాని ముందున్న రోడ్డు వెడల్పును, చుట్టూ వదిలే ఖాళీ స్థలాన్ని బట్టి తేలుతుంది కాబట్టి ఎత్తు తెచ్చుకోవడానికి ముందువైపు రహదారి లెక్కలోకి వచ్చింది. కార్ల రాకపోకలకు మాత్రం వెనక వీధిని చూపించారు. ఎత్తు ఒక రోడ్డు పేరు మీద, బరువు ఇంకో రోడ్డు నెత్తిన అన్నమాట. విశాఖలో దీనికి తోడు ఇంకొక అనుమతి కూడా కావాలి. మన విమానాశ్రయం నౌకాదళానికి చెందిన ఐఎన్‌ఎస్ డేగ ఆవరణలోనిది కాబట్టి ఇంత ఎత్తు కట్టడానికి నౌకాదళం నిరభ్యంతర పత్రం ఇవ్వాలి. దరఖాస్తు చేశామన్నారు గాని, ఆ కాగితం చూపమంటే తర్వాత పంపిస్తామన్నారు.

ముందు బాగున్నవి చెప్పడం న్యాయం. నమూనా ఫ్లాటులో అడుగుపెట్టగానే అక్క ముఖం విప్పారింది. వంటగదికి బయటి గోడ ఉంది, అంటుతోమే చోటుకు వెలుతురు ఉంది, ప్రతి పడకగదికీ రెండు వైపుల నుంచి గాలి వచ్చేలా కిటికీలు పెట్టారు. విశాఖ ఉక్కపోత ఎరిగినవాళ్లు గీసిన ప్లాను అది. గోడలన్నీ మైవాన్ షట్టరింగుతో (అల్యూమినియం అచ్చులతో) పోసే కాంక్రీటు గోడలు, అంటే రేపు మనసు మారి రెండు గదులను కలుపుకుందామంటే కుదరదు. కొనేవాళ్లు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి, అమ్మేవాళ్లు తమంతట తాము చెప్పరు. క్లబ్‌హౌసు, ఈతకొలను, యోగా గది అన్నీ ఉన్నాయి, అన్ని చోట్లా ఉన్నట్టే ఉన్నాయి.

నాకు నిజంగా నచ్చినది గాలి గురించి వాళ్ల ఇంజినీరు ఇచ్చిన జవాబు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊరి మీద పడినప్పుడు అద్దాల ముఖాలు తొడుక్కున్న భవనాలు గంటల్లో ఎముకల గూళ్లయిపోవడం చూసినవాళ్లం మేము. అందుకని ఏ గాలి వేగానికి లెక్క కట్టారని అడిగాను. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 విశాఖకు సెకనుకు 50 మీటర్ల ప్రాథమిక వేగాన్ని నిర్దేశిస్తుందని, అంటే గంటకు 180 కిలోమీటర్లని, భవనం మూలల దగ్గర గాలి లోపలికి తోయడం కంటే బయటికి లాగడమే ఎక్కువ కాబట్టి అక్కడి కిటికీలకు వేరే లెక్క కట్టామని, 50 మీటర్లు దాటిన కట్టడాలకు ఉద్దేశించిన ఐఎస్ 16700ను కూడా పాటిస్తున్నామని ఆ యువకుడు కాగితం చూడకుండా చెప్పాడు. తూర్పు ముఖంలో అద్దం తగ్గించి గోడ పెంచారు. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టకుండా కాంక్రీటు కవరు ఎంత ఇస్తున్నారో కూడా అతనికి తెలుసు. ఇంత తెలిసిన మనిషి పక్కనున్న వీధి వెడల్పు అడిగితే మాత్రం బ్రోచరు తిరగేశాడు.

డబ్బు సంగతి వేగంగా ముగిస్తాను. అమ్మకపు విస్తీర్ణం 1,850 చదరపు అడుగులుగా చెప్పే ఇంటిలో కార్పెట్ ఏరియా (గోడల మధ్య వాడుకునే నేల) 1,270, అంటే నూటికి 69 పాళ్ల లోపే. ధర వేసేటప్పుడు మొదటి అంకె, కాళ్లు చాపుకునేటప్పుడు రెండోది. కట్టుబడిలో ఉన్న ఇంటి మీద 5 శాతం జీఎస్‌టీ, రిజిస్ట్రేషను సమయంలో స్టాంపు సుంకంతో కలిపి 7.5 శాతం అదనంగా పెట్టుకోవాలి. ఇక్కడ నాకు మింగుడుపడని సంగతి ‘ఆసక్తి పత్రం’ పేరుతో అడిగిన రెండు లక్షల చెక్కు. 2016 నాటి రెరా చట్టం ప్రకారం నమోదు కాని ప్రాజెక్టులో ఇల్లు అమ్మజూపడం గాని, ప్రకటన ఇవ్వడం గాని, బుకింగు తీసుకోవడం గాని కూడదు. నమోదైన తర్వాత కూడా రిజిస్టరు చేసిన అమ్మకపు ఒప్పందం లేకుండా ధరలో పదో వంతుకు మించి తీసుకోకూడదు. ఆ మాట అన్నప్పుడు ఎదుటి కుర్చీలోని అబ్బాయి నవ్వి, ‘ఇది బుకింగు కాదు సర్, మీ ఆసక్తి మాత్రమే’ అన్నాడు. మా ఆసక్తికి చెక్కు అవసరం లేదని చెప్పి బావగారు పుస్తకం జేబులో పెట్టుకున్నారు.

ఇక అసలు విషయానికి వస్తాను. అమ్మకాల కార్యాలయం మధ్యలో అద్దాల పెట్టెలో పెద్ద నమూనా ఉంది. టవర్‌లో ప్రతి అంతస్తుకూ దీపాలు వెలుగుతాయి, ఈతకొలనులో నీలం రంగు మెరుస్తుంది, టవర్ వెనకాల బల్ల అంచు దాకా సముద్రం పరచుకుని ఉంటుంది. వాస్తవానికి ఆ స్థలం నుంచి ఆర్‌కే బీచ్ రెండు కిలోమీటర్లకు పైనే ఉంటుందని ఊరివాళ్లకు చెప్పక్కర్లేదు, పొరుగూరివాళ్లకు చెప్పాలి. నమూనాలో వీధి కూడా ఉంది. నల్లటి నున్నటి రోడ్డు, రెండు పక్కలా ఒకే ఎత్తున ఆకుపచ్చని స్పాంజి చెట్లు, కాలిబాట మీద అగ్గిపుల్లంత మనుషులు నలుగురు. కరెంటు స్తంభం లేదు, ట్రాన్స్‌ఫార్మర్ లేదు, డ్రైను లేదు, టీ బడ్డీ లేదు, ఆటో లేదు. పెట్టె మూలన చిన్న అక్షరాల్లో ‘కళాకారుని ఊహ మాత్రమే’ అని రాసి ఉంది. ప్రకటనలోను, ప్రాస్పెక్టసులోను, నమూనా ఇంటిలోను చూపినది తప్పని తేలితే కొనుగోలుదారు పరిహారం అడగడానికి రెరా చట్టం 12వ సెక్షను అవకాశం ఇస్తుంది కాబట్టి ఆ చిన్న అక్షరాల అవసరం వాళ్లకు బాగానే తెలిసి ఉంటుంది.

నేను అసలు వీధిని చూడడానికి మా అమ్మను వెంట తీసుకెళ్లాను. ఆమెకు డెబ్బయ్యెనిమిదేళ్లు, మోకాళ్లు అరిగాయి, అయినా రోజూ కాస్త దూరం నడవకపోతే ఆమెకు తోచదు. బస్సు దిగిన చోటు నుంచి ప్రతిపాదిత గేటు దాకా నా టేపు లెక్కన 310 మీటర్లు. ఆ దూరంలో కాలిబాట అనేది మురుగు కాలువ మీద పరిచిన పలకల వరుస. రోడ్డు మట్టం నుంచి దాని అంచు ఎత్తు ఒకచోట 11 అంగుళాలు. పాదచారుల వసతులపై ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ అంచు 150 మిల్లీమీటర్లు, అంటే ఆరంగుళాలు మించకూడదని, నడవడానికి అడ్డంకులేవీ లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలని చెబుతాయి. ఇక్కడ ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె పక్కన మిగిలిన వెడల్పు 3 అడుగుల 4 అంగుళాలు, అంటే కావలసినదాంట్లో సగం కంటే కాస్త ఎక్కువ. ప్రతి దుకాణం ముందు ర్యాంపు కోసం పలకలు కోసేశారు, కాబట్టి 310 మీటర్లలో తొమ్మిదిసార్లు ఎక్కి తొమ్మిదిసార్లు దిగాలి. మూడోసారి దిగాక అమ్మ మళ్లీ ఎక్కలేదు. ‘రోడ్డే నయంరా నాన్నా, ఎక్కక్కర్లేదు, దిగక్కర్లేదు’ అని చెయ్యి పట్టుకుని తారు మీదే నడిచింది. మాకు వెనక నుంచి వచ్చిన సర్వీసు ఆటోలు హారన్ కొడుతూనే ఉన్నాయి.

ఇదంతా ఇప్పటి వీధి, రాబోయే టవర్ తప్పు కాదు కదా అని ఎవరైనా అనవచ్చు. ఒప్పుకుంటాను. అందుకే వాళ్ల ప్లానులో ఈ వీధి ఎలా మారుతుందో అడిగాను. వెనక వీధి వైపు స్థలానికి ఉన్న అంచు 60 మీటర్లు. దాని పొడవునా ఏడడుగుల ప్రహరీ గోడ, గోడకు బయట అయిదడుగుల కాలిబాట, ఆ కాలిబాటను రెండుచోట్ల తెంచి సెల్లారులోకి దిగే ర్యాంపు ఒకటి, బయటికి వచ్చే ర్యాంపు ఒకటి. ర్యాంపు వాలు గోడ గీత దగ్గరే మొదలవుతుంది. దీని అర్థం సెల్లారు నుంచి పైకి వచ్చే కారు ముక్కు ఆకాశం వైపు ఉన్న క్షణంలోనే కాలిబాటను దాటుతుంది, డ్రైవరుకు ఎదురుగా బానెట్టు తప్ప ఏదీ కనిపించదు. ఒక చిన్న లెక్క వేశాను. 280 కార్లలో సగం ఉదయం ఎనిమిదిన్నర, తొమ్మిదిన్నర మధ్య బయటికి వస్తాయనుకుంటే గంటలో 140 కార్లు, అంటే ఇరవయ్యారు సెకన్లకు ఒకటి. అదే గంటలో ఆ వీధిలో బడి పిల్లలూ, ఉద్యోగాలకు పోయేవాళ్లూ, కాంప్లెక్సులో బస్సు దిగి అడ్డదారిన ఆసుపత్రులకు వెళ్లేవాళ్లూ నడుస్తారు.

దీనికి మందు ఖరీదైనది కూడా కాదు. గోడ లోపల కనీసం ఒక కారు పొడవున, అంటే అయిదారు మీటర్లు, నేల మట్టంగా ఉంచి ఆ తర్వాత వాలు మొదలుపెడితే డ్రైవరుకు కాలిబాట కనిపిస్తుంది. కాలిబాటను తెంచి కారును నేరుగా పోనివ్వడానికి బదులు కాలిబాటను అదే ఎత్తులో కొనసాగనిచ్చి, కారునే కాస్త ఎక్కి దిగేలా చేస్తే నడిచేవాడికి దారి తెగదు, కారు వేగం దానంతటదే తగ్గుతుంది. ర్యాంపు మూలలను గుండ్రంగా విశాలంగా కాకుండా బిగుతుగా తిప్పితే ఎవరూ మూడో గేరులో మలుపు తీసుకోలేరు. ఇవి నేను కనిపెట్టినవి కావు, రోడ్ల పని తెలిసిన ప్రతివాడికీ తెలిసినవే.

అంతకంటే పెద్ద చిక్కు పోడియంతో ఉంది. నాలుగు అంతస్తుల పోడియం నిండా కార్లే కాబట్టి వెనక వీధికి కనిపించేది అల్యూమినియం పట్టీల జాలీ మాత్రమే. దుకాణాలున్నాయి గాని అవన్నీ ప్రధాన రహదారి వైపు, వాటికి కూడా గాజు లాబీ లోపలి నుంచే తోవ. ఇప్పుడు ఆ వెనక వీధిలో ఏముందో చెబుతాను: జిరాక్సు షాపు, పంక్చరు షాపు, ఇడ్లీ బండి, నిద్రగన్నేరు చెట్టు కింద టీ బడ్డీ, దాని పక్కన ఇస్త్రీ బండి. రాత్రి పదింటి దాకా అక్కడ దీపాలు ఉంటాయి, మనుషులు ఉంటారు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదువుకుని హాస్టళ్లకు వెళ్లే ఆడపిల్లలు ఆ దారినే వెళ్తారు, ఎందుకంటే ఆ దారిలో ఎవరో ఒకరు ఉంటారు. రేపు అక్కడ 60 మీటర్ల గోడ, గోడ మీద జాలీ, జాలీ వెనక కార్లు ఉంటాయి. సీసీ కెమెరాలు పెడతామన్నారు. ఇస్త్రీ బండి దగ్గర నిలబడ్డ మనిషి చేసే కాపలా కెమెరా చేయదు.

టీ బడ్డీ ఆయన్ని అడిగాను, టవర్ వస్తే మీకు మంచిదే కదా అని. ఆయన గ్లాసులు కడుగుతూనే, ‘బేరం పెరుగుతాది బాబూ, నన్నుండనిత్తారా మరి?’ అన్నాడు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే చేసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఉన్నవాళ్లను లేపకూడదు. కానీ ప్లాను మీద ఆయన బడ్డీ ఉన్నచోట ‘ల్యాండ్‌స్కేపు’ అని ఆకుపచ్చ రంగు వేసి ఉంది. 180 ఇళ్లలో బట్టలకు ఇస్త్రీ ఎవరు చేస్తారు, పనివాళ్లు టీ ఎక్కడ తాగుతారు, వాచ్‌మన్ మధ్యాహ్నం ఏం తింటాడు అన్న ప్రశ్నలకు ఆ రంగులో జవాబు లేదు. గోడను పది అడుగులు లోపలికి జరిపి, ఆ జాగాలో అయిదారు బండ్లకు నీటి కుళాయితో, చెత్తడబ్బాతో చోటు చూపిస్తే వీధి బతుకుతుంది, ఇళ్లవాళ్ల పనీ జరుగుతుంది. రోడ్డు విస్తరణకు స్థలం వదిలితే టీడీఆర్ (బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కు) బాండు రూపంలో ప్రతిఫలం ఇచ్చే పద్ధతి మన రాష్ట్రంలో ఉండనే ఉంది.

చెట్టు పేరు వచ్చింది కాబట్టి దాని దగ్గర కాసేపు ఆగుతాను. ఆ నిద్రగన్నేరు మొదలు చుట్టుకొలత నా టేపుకు 9 అడుగుల 2 అంగుళాలు వచ్చింది. హుద్‌హుద్‌లో దాని పెద్ద కొమ్మలు రెండు విరిగి రోడ్డుకు అడ్డంగా పడ్డాయని పంక్చరు షాపు పెద్దాయన చెప్పారు. విరిగిన చోట ఇప్పటికీ పిడికిలి ముడిచినట్టు గడ్డకట్టిన కాయ ఉంది, దాని పక్క నుంచి కొత్త కొమ్మలు వచ్చి వీధికి అవతలి డాబాల దాకా పాకాయి. నేను మిట్టమధ్యాహ్నం వెళ్లినప్పుడు దాని కింద ఆటోలు నాలుగు, మనుషులు పదకొండుమంది, ఒక కుక్క ఉన్నారు. ఎండలో ఉన్న మిగతా వీధంతా ఖాళీ. టవర్ వస్తే నీడ వస్తుంది కదా అని అమ్మకాల అబ్బాయి అన్నాడు. విశాఖ సుమారు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు చివర మధ్యాహ్నం సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు కాబట్టి 90 మీటర్ల టవర్ నీడ ఉత్తరానికి 78 మీటర్ల దాకా సాగుతుంది. చలికాలపు నీడ ఎవరికి కావాలి? అదే మే 10 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా మన నడినెత్తి మీదికి వస్తాడు, ఆ మధ్యాహ్నం ఎంత ఎత్తు భవనమైనా తన పాదాల మీద తప్ప నీడ వేయలేదు. రోహిణి కార్తె దగ్గరపడే ఆ రోజుల్లో వీధికి గొడుగు పట్టగలిగింది ఆ చెట్టు ఒక్కటే. ప్లానులో అది ఉన్న చోట జనరేటరు గది గీశారు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కింద అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదని గుర్తు చేస్తే, బదులుగా 120 మొక్కలు నాటుతామన్నారు.

ఆ 120 మొక్కలు ఎక్కడ నాటుతారో చూస్తే ఇంకో సంగతి బయటపడింది. మూడు సెల్లార్లూ దాదాపు స్థలం అంచుల దాకా విస్తరించి ఉన్నాయి. చుట్టూ వదిలిన ఖాళీ పైకి తోటలా కనిపించినా దాని కింద ఉన్నది సెల్లారు కప్పు, కప్పు మీద మూడున్నర అడుగుల మట్టి. అందులో తాటి జాతి అలంకారపు మొక్కలు బతుకుతాయి గాని, వీధికి నీడనిచ్చే చెట్టు వేళ్లూనదు. ఇంకుడు గుంతలు కూడా అదే ఖాళీలో చూపించారు, కాంక్రీటు కప్పు మీద గుంత తవ్వితే నీరు ఎక్కడికి ఇంకుతుందో నాకు అర్థం కాలేదు. ఎకరంన్నర స్థలం మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే ఆరు లక్షల లీటర్ల నీరు. తుఫాను కాలంలో ఆ మాత్రం వాన మనకు వింత కాదు. ఇంకే చోటు లేకపోతే ఆ నీరు, దానితో పాటు సెల్లార్లలో ఊరే నీటిని తోడే పంపుల నీరు, వెనక వీధిలోని రెండడుగుల డ్రైనులోకే రావాలి. నేను వానలో వెళ్లిన సాయంత్రం ఆ డ్రైను అప్పటికే పలకల సందుల్లోంచి పొంగి, ఇడ్లీ బండి చక్రాల్లో సగం దాకా నీళ్లు ఉన్నాయి. ఊరి నడిబొడ్డు వాననీరు గెడ్డలు (వాగులు) పట్టుకుని రేవు వైపు పోవాలి, దారిలో చావులమదుం లాంటి పల్లపు చోట్ల ఏం జరుగుతుందో ప్రతి వానాకాలం చూస్తున్నాం. కనీసం వెనకవైపు వదిలే ఖాళీ (సెట్‌బ్యాక్) కిందైనా సెల్లారు లేకుండా మట్టిని మట్టిగా వదిలితే నీరూ ఇంకుతుంది, నిద్రగన్నేరు వేళ్లూ నిలుస్తాయి.

రవాణా గురించి బ్రోచరు ధీమాగా ఉంది: ‘గుమ్మం ముందే మెట్రో’. ప్రతిపాదిత విశాఖ మెట్రో తొలి దశ 46.23 కిలోమీటర్లు, అందులో గురుద్వారా నుంచి పాత పోస్టాఫీసు దాకా అయిదు కిలోమీటర్ల మార్గం ఈ ప్రాంతం మీదుగానే పోవాలి. కాగితం మీదున్న రైలును నమ్మి ఇల్లు కొనమని నేను ఎవరికీ చెప్పను గాని, కాంప్లెక్సు బస్సులు మాత్రం ఇప్పుడే ఉన్నాయి, నడిచే దూరంలోనే ఉన్నాయి, ఆ నడకే లేదు. ఆటో ఆగడానికి చోటు చూపించలేదు. భోజనాలూ సరుకులూ తెచ్చే బైకులు ఎక్కడ ఆగాలో అసలే లేదు. రాత్రి ఎనిమిదింటికి 180 ఇళ్ల ముందు అవి ఎన్ని ఉంటాయో ఏ అపార్ట్‌మెంటు గేటు దగ్గర నిలబడినా తెలుస్తుంది. గేటు లోపల పది బైకులకు గీతలు గీస్తే సరిపోయే పని అది.

అగ్నిమాపక శాఖ విషయంలోనూ వీధే ముందుకు వస్తుంది. ఇలాంటి భవనం చుట్టూ అగ్నిమాపక వాహనం తిరగడానికి కనీసం ఆరు మీటర్ల గట్టి నేల ఉండాలని జాతీయ భవన నియమావళి చెబుతుంది. ప్లానులో ఆరు మీటర్లు ఉన్నాయి, వాటి మధ్యలో ఫౌంటెనూ ఉంది. అడిగితే అది ‘తర్వాత సర్దుబాటు చేసే’ అంశమన్నారు.

మూడోసారి వెళ్లినప్పుడు ఈ కొలతలన్నీ ఒక కాగితం మీద గీసి వాళ్ల ఆర్కిటెక్టు సహాయకురాలికి ఇచ్చాను. ఆమె శ్రద్ధగా చూశారు, రెండుచోట్ల పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నారు. చివరికి, ‘మంచి సూచనలు సర్, కానీ మా పరిధి గోడ దాకానే, బయట కార్పొరేషను చూసుకుంటుంది’ అన్నారు. కార్పొరేషను రోడ్డు గీసేటప్పుడు గోడ లోపలి ర్యాంపు దానికి తెలియదు, వీళ్లు ర్యాంపు గీసేటప్పుడు గోడ బయటి మనిషి వీళ్లకు తెలియడు. ర్యాంపు వాలు, పోడియం ముఖం, జనరేటరు గది, సెల్లారు అంచు, బైకుల గీతలు అన్నీ గోడ లోపలివేనని, నేను అడిగినవాటిలో గోడ దాటినవి చాలా తక్కువని చెప్పాను. ఆమె మళ్లీ కాగితం చూసి తల ఊపారు.

లోపలికి అయిదుకు నాలుగు, బయటికి ఒకటిన్నర ఇస్తాను. ఆ సగం గాలి లెక్క తెలిసిన ఇంజినీరు రేపు వీధి లెక్క కూడా నేర్చుకోవచ్చన్న ఆశకు. బావగారు తొందరపడడం లేదు. రెరా సంఖ్య రావాలి, నౌకాదళం కాగితం చూపాలి, ఆ తర్వాతే మాట. అక్కకు వంటగది నచ్చింది కాబట్టి ఆమె మాత్రం వారానికోసారి గుర్తు చేస్తూనే ఉంది. అమ్మ ఒక్కటే అడిగింది, ఆ చెట్టు ఉంటుందా అని. ప్లానులో జనరేటరు గదిని ఎడమకు పదిహేను అడుగులు జరిపితే ఉంటుంది, అక్కడ ఇప్పుడున్నది ఖాళీ పచ్చికే. జరిపిన ప్లాను తయారైతే ఫోను చేస్తామన్నారు.